పోయిన కార్డు వెంట ప్రగతి నగర్ నుంచి తెల్లాపూర్ దాకా

ఇన్నాళ్ళూ ఇక్కడ నేను గుళ్ళకు వెళ్ళిన ప్రయాణాలే రాశాను. ఏ బస్సు ఎక్కాలి, దర్శనానికి ఎంతసేపు నిలబడాలి, ఉపవాసం ఉన్నవాళ్ళకు దారిలో ఏం దొరుకుతుంది, ఇవే నా రాతలు. ఈసారి రాసేది బ్యాంకుకీ, పోలీస్ స్టేషన్‌కీ, ఆ తర్వాత నేను తలెత్తి నిలబడలేకపోయిన ఒక ఇంటికీ ఒకే రోజులో తిరిగిన ప్రయాణం. క్రెడిట్ కార్డు ఎవరో కొట్టేసి, వాళ్ళు కొనుక్కున్నవాటికి మన పేరున బిల్లు పడితే మీలో ఎవరికైనా ఈ తిరుగుడు తప్పకపోవచ్చు. అందుకే దారి, ఖర్చు, టైము అన్నీ రాస్తున్నాను. నేను చేసిన తప్పు కూడా రాస్తున్నాను. అది ఇంకా దిద్దుకోలేకపోయాను.

మేముండేది ప్రగతి నగర్‌లో, చెరువుకు దగ్గర. మావారిది నీటిపారుదల శాఖలో ఉద్యోగం, ఆ వారమంతా క్యాంపులో ఉన్నారు. అమ్మాయి శ్రావణి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. తన క్రెడిట్ కార్డు మీదే నా పేరున ఇంకో కార్డు తీసి ఇచ్చింది. నేను కూరగాయలు కొన్నప్పుడల్లా మీటింగులో తన ఫోను మోగకూడదని, నా కార్డు మెసేజీలు నా నంబరుకే వచ్చేలా పెట్టింది. ప్రతి ఏకాదశికీ మేము పదిహేను మంది ఆడవాళ్ళం ఒకరింట్లో కూర్చుని విష్ణు సహస్రనామ పారాయణం చేసుకుంటాం. అయిదు వారాల కిందట ఏకాదశి గురువారం వచ్చింది. ఆ రోజు పారాయణం తెల్లాపూర్‌లో రాజ్యలక్ష్మి గారింట్లో. పెద్ద గేటెడ్ కమ్యూనిటీ, వాళ్ళది తొమ్మిదో అంతస్తు. నేను జేఎన్‌టీయూ దగ్గర బస్సెక్కి కొత్తగూడలో దిగి, పూలు కొని, అక్కడి నుంచి మాలో ఒకరి కారులో వెళ్ళాను.

రెండు అలవాట్ల గురించి ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఏకాదశి నాడు పొద్దున దీపం పెట్టిన దగ్గర్నుంచి పారాయణం పూర్తయ్యేదాకా నేను ఫోను ఆపేస్తాను. చాలా ఏళ్ళుగా అదొక నియమం. రెండోది, తోలు వస్తువులు దేవుడి దగ్గరికి తీసుకెళ్ళం. అందుకని అందరం హ్యాండ్‌బ్యాగులు గుమ్మం బయట చెప్పుల స్టాండు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తాం. ఆ రోజు పదిన్నరకు పెట్టిన బ్యాగు మళ్ళీ ఒంటిగంట దాటాకే చేతిలోకి తీసుకున్నాను.

హారతి అయ్యాక వరండాలోకి వచ్చి ఫోను ఆన్ చేశాను. ఒకదాని వెనక ఒకటి పదకొండు మెసేజీలు వచ్చాయి. అన్నీ బ్యాంకువే. నాలుగు వేల ఎనిమిది వందలు, నాలుగు వేల తొమ్మిది వందలు, ఇలా ప్రతిదీ అయిదు వేలకు కొంచెం తక్కువ. అయిదు వేల లోపయితే పిన్ నంబరు అక్కర్లేదు, కార్డు మిషన్‌కు తాకిస్తే చాలని తర్వాత తెలిసింది. మొత్తం యాభై మూడు వేల చిల్లర. బ్యాగులో వెతికితే కార్డు లేదు. ఫోనులో అన్ని మెసేజీల పక్కనా ఒంటిగంటా పది అనే ఉంది. మెసేజీ లోపల తేదీ, మొత్తం, ఎప్పుడూ వినని ఏదో కంపెనీ పేరు, అంతే. మేము లోపల నామాలు చదువుతుండగా బయట బ్యాగులోంచి కార్డు తీశారని అందరికీ ఒక్కసారే అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

ముందు కార్డు ఆపించండని ఎవరో అంటే హెల్ప్‌లైన్‌కు ఫోను చేశాం. పది నిమిషాల్లో ఆపేశారు. ఆ తర్వాత రాజ్యలక్ష్మి గారు, వరండాలోకి ఎవరైనా వచ్చారా, మీరెవరైనా చూశారా అని అడిగారు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు నేను అన్నాను, "నేను లోపలికి వచ్చేటప్పుడు యాదమ్మ అక్కడ తడిబట్ట పెడుతూ కనిపించిందండి" అని. నిందించాలని అనలేదు. చూసింది చూసినట్టు చెప్పాననే అనుకున్నాను. కానీ ఆ పేరు ముందుగా వచ్చింది నా నోట్లోంచే.

యాదమ్మ రాజ్యలక్ష్మి గారింట్లో మూడేళ్ళుగా పని చేస్తోంది. నలభై దాటిన మనిషి. ఆ కమ్యూనిటీలోనే ఇంకో మూడిళ్ళలో చేస్తుంది. అప్పుడు వంటింట్లో మా ప్రసాదం పళ్ళేలే కడుగుతోంది. పిలిచి అడిగారు. సంచీ దులిపించారు, కొంగుముడి విప్పించారు. తాళంచెవి, ముడిచిన రెండు నోట్లు, తలనొప్పి మాత్రలు బయటపడ్డాయి. కార్డు దొరక్కపోయేసరికి ఎవరికో అందించి ఉంటుందన్నారు. నేను గోడ పక్కన నిలబడి చూస్తూ ఉన్నాను. నాకు గట్టిగా మాట్లాడడం చిన్నప్పటి నుంచీ రాదు. ఆ రోజు మెల్లగా కూడా మాట్లాడలేదు. రాజ్యలక్ష్మి గారి భర్త అప్పటికప్పుడే పోలీసులకు ఫిర్యాదు టైపు చేసి తెచ్చారు. పనిమనిషి యాదమ్మ మీద అనుమానం ఉందని అందులో ఉంది. సంతకం పెట్టి బ్యాగులో పెట్టుకున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక రాజ్యలక్ష్మి గారు ఫోను చేశారు. యాదమ్మను రావద్దన్నామని, గేటు దగ్గరి యాప్‌లో కూడా పెట్టేశామని చెప్పారు. అలాంటి చోట్ల పనివాళ్ళందరి ఫొటోలూ గేటు దగ్గర ట్యాబులో ఉంటాయి. ఒక్క ఫ్లాటు వాళ్ళు దొంగతనమని పెడితే చాలు, మిగతా ఇళ్ళకు కూడా లోపలికి పంపరు. అంటే ఆ ఒక్క పూటలో యాదమ్మకు నాలుగిళ్ళూ పోయాయి. ఇదీ శుక్రవారం పొద్దున నేను ఇంట్లోంచి బయల్దేరేటప్పటి సంగతి.

ద్వాదశి కాబట్టి ఆరున్నరకే పారణ చేసి ఉపవాసం విడిచి, డబ్బాలో పెరుగన్నం పెట్టుకుని ఏడుంబావుకు బయల్దేరాను. ప్రగతి నగర్ నుంచి జేఎన్‌టీయూ దాకా షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. అక్కడి నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్ళాలంటే అమీర్‌పేట్‌లో మారాలి. చుట్టుదారే కానీ కూర్చుని వెళ్ళవచ్చు. సిటీ బస్సు నేరుగా వెళ్తుంది, మన ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్టు డబ్బుల్లేవు, కానీ ఎనిమిది గంటల వేళ కాలు పెట్టే చోటుండదు. నేను ఎప్పటిలాగే బస్సే ఎక్కాను. కండక్టరమ్మ దగ్గరికొచ్చాక ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాగులోంచి కార్డుల కవరు తీసి, ఆధార్ చూపించి, సున్నా టికెట్టు పళ్ళ మధ్య పట్టుకుని, కవరు మళ్ళీ లోపల పెట్టాను. ఈ పని మొత్తం ఇద్దరు ముగ్గురి మోచేతుల మధ్య జరిగింది. ముందు రోజు కూడా సరిగ్గా ఇలాగే చేశాను. అప్పుడు మాత్రం అది ఆలోచించలేదు.

హైటెక్ సిటీలో దిగేసరికి ఎనిమిది నలభై అయింది. బ్యాంకు పదింటికి తెరుస్తారు. పెద్ద ఆఫీసు భవనంలో కింది అంతస్తులో ఉంది. మీరు వెళ్తే ఒక గుర్తింపు కార్డు చేతిలోనే ఉంచుకోండి, గేటు దగ్గర ఫొటో తీసి విజిటర్ చీటీ ఇస్తారు. ఆ గంటన్నరా మెట్రో స్టేషన్ మెట్ల కింద బల్ల మీద కూర్చుని నామాలు చదువుకుందామనుకున్నాను. మెడలో ట్యాగులతో పిల్లలు గుంపులు గుంపులుగా దిగి వెళ్తున్నారు. ఒక్క నామం మీద కూడా మనసు నిలబడలేదు. కొంగుముడి విప్పుతున్న ఆ చేతులే కనిపించాయి.

బ్యాంకులో కార్డుల సంగతి చూసే అమ్మాయికి ముప్ఫై ఏళ్ళుంటాయి. నెమ్మదిగా, విసుక్కోకుండా మాట్లాడింది. ఈ ఖర్చులు నావి కావని ఒక ఫారం నింపాలి, దానికి పోలీసు ఫిర్యాదు రసీదు జత చేయాలి, మూడు పనిదినాల్లోపు ఇవ్వాలి, ఇవాళే నాలుగింటిలోపు తెస్తే ఇంకా మంచిదని చెప్పింది. కార్డు ఎక్కడ పోయిందని అడిగింది. తెల్లాపూర్‌లో, పదిన్నరకూ ఒంటిగంటకూ మధ్య అని చెప్పాను. ఆ అమ్మాయి పదకొండు లావాదేవీల కాగితం ప్రింటు తీసి, చదివి, ఇంకోసారి చదివి నా వైపు తిప్పింది.

"ఆంటీ, మీరు తెల్లాపూర్ ఎన్నింటికి చేరుకున్నారు?"

"పదిన్నరకు అటూ ఇటూ అమ్మా."

"మొదటి ట్యాప్ తొమ్మిదీ నలభై ఒకటికి పడింది. కొత్తగూడలో మొబైల్ షాపు. రెండోది తొమ్మిదీ నలభై ఆరు, అది కూడా కొత్తగూడే."

నాకు వెంటనే ఎక్కలేదు. ఫోనులో ఒంటిగంటా పది అని ఉందన్నాను. అది మీ ఫోను ఆన్ చేసిన టైము ఆంటీ, కార్డు వాడిన టైము ఇది అని వేలు పెట్టి చూపించింది. నేను కొత్తగూడలో బస్సు దిగింది తొమ్మిదిన్నరకు. పూలు కొని కారెక్కింది తొమ్మిదీ యాభైకి. పూలకు చిల్లర డబ్బులిచ్చాను, కార్డుల కవరు తీయలేదు. ఆ రోజు పొద్దున ఆ కవరు బయటికి తీసింది బస్సులో, ఆధార్ కోసం ఒక్కసారే. బ్యాగు చెప్పుల స్టాండు మీద పెట్టే వేళకే కార్డు అందులో లేదు. యాదమ్మ తడిబట్ట పెట్టింది అసలు కార్డే లేని బ్యాగు పక్కన.

ఆ అమ్మాయి నాకు నీళ్ళు తెప్పించింది. డబ్బు గురించి కంగారు పడుతున్నాననుకుంది పాపం. పిన్ లేకుండా వాడినవే కనుక, వెంటనే చెప్పారు కనుక, తిరిగి జమయ్యే అవకాశం బాగానే ఉందని ధైర్యం చెప్పింది. అక్కడి కుర్చీలోంచే రాజ్యలక్ష్మి గారికి ఫోను చేశాను. టైముల సంగతి చెప్పాను. ఆవిడ ఆ టైములు మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నారు. తర్వాత, "సరేలెండి, ముందు మీ డబ్బు పని చూసుకోండి. ఇది తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. గేటు వాళ్ళకు ఇప్పుడే ఒక మాట చెప్పండని అడగాలనుకున్నాను. ఆ మాట గొంతులో ఉండగానే ఆవిడ పెట్టేశారు.

పోలీస్ స్టేషన్ గచ్చిబౌలి వైపు. ఆటో అతను నూట ఎనభై అడిగాడు, నూట యాభైకి వచ్చాడు. ట్రాఫిక్ లేకపోతే పదిహేను నిమిషాల దారి, మాకు నలభై నిమిషాలు పట్టింది. స్టేషన్‌కు ఎందుకని అడిగితే కార్డు పోయిందని చెప్పాను. అతను అద్దంలోంచి నన్ను చూస్తూ తన కథ మొదలుపెట్టాడు.

"నా ఫోన్ గూడ గిట్లనే పోయింది మేడం. ఎవరి మీద డౌటు అన్నరు. నేను మా బామ్మర్ది పేరు చెప్పిన. వారం దినాలకు ఫోన్ గీ సీటు కిందనే దొర్కింది."

"మరి మీ బావమరిది?"

"నాలుగేండ్ల సంది మాట్లాడ్తలేడు. మా ఇంటామె అయితే ఇప్పటికీ ఫోన్ కనబడకుంటే చాలు, మా తమ్ముణ్ణి అడుగుపో అంటది." అతను నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

స్టేషన్‌లో రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్ ముందు బెంచీ మీద నాకన్నా ముందు నలుగురున్నారు. ఒక గంట పట్టింది. మీరు వెళ్తే తెల్ల కాగితాలు నాలుగు, ఆధార్ జిరాక్సులు రెండు, కార్డు నంబరు చివరి నాలుగు అంకెలు రాసుకున్న చీటీ దగ్గర పెట్టుకోండి. అక్కడ జిరాక్సు కోసం బయటికి వెళ్తే వరస పోతుంది. కూర్చున్న చోటే ఒళ్ళో బ్యాగు పెట్టుకుని కొత్త ఫిర్యాదు చేత్తో రాశాను. పదో తరగతి చదివినదాన్ని, ఇలాంటివి ఎప్పుడూ రాయలేదు. బస్సులో పోయిందని, ఫలానా టైముకు మొదట వాడారని, నాలుగు ముక్కల్లో రాశాను. నా వంతు వచ్చినప్పుడు ఉన్న కాగితాలన్నీ తీసి బల్ల మీద పెట్టాను. వాటితో పాటు ఆ టైపు చేసిన కాగితం కూడా వెళ్ళిపోయింది.

ఆయన రెండూ చదివారు. బస్సు నంబరు, ఎక్కిన స్టాపు, దిగిన స్టాపు అడిగారు. బస్సు నంబరు గుర్తులేదు. తర్వాత ఆ టైపు కాగితం మీద వేలు పెట్టారు.

"దీంట్ల యాదమ్మ అని పేరుంది గద. ఎవరీమె?"

"ఆవిడ కాదండి. ఆవిడ తీయలేదు. అది తప్పుగా రాశాం."

"సంతకం మీదే గద?"

"నాదేనండి."

ఆయన ఆ కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. "చింపెయ్యున్రి. ఇది గిన రిజిష్టర్ల ఎక్కితే పొద్దుగూకేలోపల ఆమెను ఈ బెంచి మీద కూసోబెడ్తుంటిమి." నేను అక్కడే చింపాను. ముక్కలు ఎక్కడ వేయాలో తెలియక బ్యాగులోనే వేసుకున్నాను. ఒంటిగంటా ఇరవైకి రసీదు చేతికొచ్చింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు, ఎవరూ అడగలేదు, అది చెప్పాలి.

స్టేషన్ బయట చెట్టు కింద మజ్జిగ బండి దగ్గర నిలబడి డబ్బా తెరిచాను. నాలుగు ముద్దల కన్నా తినలేకపోయాను. బండి ఆవిడ డబ్బాలోకి చూసి, పెరుగన్నానికి మజ్జిగెందుకమ్మా, మామిడికాయ ముక్క నంజుకో, పైసలొద్దు అని ఒక ముక్క చేతిలో పెట్టింది. ఎవరో తెలియని మనిషి అలా అడక్కుండా పెడుతుంటే కళ్ళు నిండాయి. వెనక్కి బస్సులో హైటెక్ సిటీకి వెళ్ళి, రెండున్నరకు ఫారం, రసీదు, జిరాక్సులు ఇచ్చాను. మూడింటికల్లా అందినట్టు నంబరు ఇచ్చారు. డబ్బు పని అక్కడితో అయిపోయింది.

శ్రావణి ఆఫీసు పక్క భవనమే. పది నిమిషాలకని కిందికి వచ్చింది. టైముల కాగితం చూపించాను. తను నా భుజం మీద చెయ్యి వేసి, కార్డు పోతే ఎవరికైనా అలాగే అనిపిస్తుందమ్మా, ఆవిడ సంగతి రాజ్యలక్ష్మి ఆంటీ చూసుకుంటారులే, ఇంటికెళ్ళి పడుకో అంది. మంచి మనసుతోనే అంది. ఇంటికెళ్ళే బస్సు ఎదురుగానే ఆగి ఉంది కూడా. నేను రోడ్డు దాటి ఇవతలికొచ్చి తెల్లాపూర్‌కు ఆటో బుక్ చేసుకున్నాను.

ఈ దారికి యాప్‌లో ఆటో మూడు వందల పది చూపించింది. తక్కువలో వెళ్ళాలంటే కొత్తగూడ నుంచి లింగంపల్లికి బస్సు, అక్కడి నుంచి తెల్లాపూర్‌కు షేర్ ఆటో ముప్ఫై రూపాయలు. రెండు గంటలు చేతిలో ఉండాలి. నాకు అంత ఓపిక లేదు. మూడున్నరకు ఎక్కితే నాలుగూ నలభైకి గేటు ముందు దిగాను. కొత్తగూడ ఫ్లైఓవర్ కింద చాలాసేపు ఆగిపోయాం. అటూ ఇటూ మొబైల్ షాపులు వరసగా ఉన్నాయి. వాటిలో ఏదో ఒక దాంట్లో నా కార్డు తాకించారు. ఎవరో, ఆడో మగో, ఏం ముఖమో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

గేటు దగ్గర నా పేరు చెప్తే రాజ్యలక్ష్మి గారికి ఫోను చేసి పంపించారు. ఆవిడ కాఫీ ఇచ్చి, కూర్చోబెట్టి, అంతా విన్నారు. కాగితం చూశారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. కానీ యాప్‌లో పెట్టింది తీయించమని అడిగేసరికి మొహం మారింది.

"మా టవరు గ్రూపులో మావారు అందరికీ పెట్టేశారండి, పనిమనిషి దొంగతనం చేసింది జాగ్రత్త అని. ఇప్పుడు కాదని ఎలా పెడతాం? పైగా అసోసియేషన్‌లో ఆయనే సెక్రటరీ."

"పేరు చెప్పింది నేనే కదండీ. నా పేరు పెట్టి రాయండి. నేనే పొరపడ్డానని రాయండి."

"అందరి ముందూ కొంగు విప్పించాం. మళ్ళీ ఆ మనిషిని ఇంట్లోకి రానిస్తే నేను ఆవిడ మొహం ఎలా చూడను?"

నేను కూడా ఆ మొహం చూడలేకే పొద్దుటి నుంచీ డబ్బు పని ముందు చేసుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది. బ్యాంకు కాగితం జిరాక్సు ఒకటి ఆవిడ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

యాదమ్మ ఇల్లు గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి చెప్పాడు. పాత ఊళ్ళో, అక్కడికి పావుగంట నడక. రేకుల ఇళ్ళ వరసలో చివరిది. తను బయట రాయి మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మని అనలేదు, పొమ్మని అనలేదు. నేను నిలబడే చెప్పాను. కార్డు బస్సులో పోయింది, నువ్వు తీయలేదని తెలిసింది, నాది తప్పు, క్షమించు అని. చేట కింద పెట్టకుండానే వింది.

"నేను తియ్యలేదని నాకు నిన్ననే ఎరుక," అంది. "నువ్వు గింత దూరం వచ్చి చెప్పేదేంది?"

బియ్యం ఏరుతూనే మళ్ళీ అంది. "నువ్వు గోడకు నిలబడ్డవు. నేను నిన్నే చూసిన. ఈ అమ్మ నెమ్మది మనిషి, ఒక్క మాటన్న అంటదనుకున్న."

నేను చేతులు జోడించాను. తను తల తిప్పుకుంది. "దండాలొద్దు. గేటు కాడ చెప్పినవా? రేపు పంపుతరా?"

"అడిగాను యాదమ్మా. ఇంకా ఒప్పుకోలేదు. మళ్ళీ అడుగుతాను."

"నాలుగిండ్లు. కిరాయి ఐదో తారీకు కట్టాలె." చేటలోంచి ఒక రాయి తీసి పక్కకు విసిరింది. నేను పర్సులోంచి డబ్బు తీయబోయాను. "అది తియ్యకు," అంది. గొంతు పెద్దది చేయలేదు. "అది తీసుకున్ననంటే నిజంగనే దొంగనైత." నేను పర్సు మూసేశాను. లోపల దీపాలు పెట్టే వేళ అయింది. పక్కింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. ఇక వెళ్తానని చెప్తే తలూపింది. లింగంపల్లి దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి నిజాంపేట్ వైపు బస్సు పట్టుకుని ఎనిమిదిన్నరకు ఇల్లు చేరాను. జిరాక్సులతో కలిపి రోజంతటికీ ఖర్చు అయిదు వందల ముప్ఫై రూపాయలు.

ఇది జరిగి అయిదు వారాలైంది. బ్యాంకు వాళ్ళు యాభై మూడు వేలూ తిరిగి జమ చేశారు. శ్రావణి మిఠాయి తెచ్చింది. నేను ఈలోపు మూడుసార్లు తెల్లాపూర్ వెళ్ళాను. అసోసియేషన్ మేనేజరుకు బ్యాంకు కాగితం చూపించాను. ఫిర్యాదు పెట్టిన ఫ్లాటు వాళ్ళే తీయాలి మేడం, మా చేతిలో లేదు అన్నాడు. మా పారాయణం గ్రూపులో జరిగిందంతా రాసి, యాదమ్మ నిర్దోషి, తప్పు నాదని పెట్టాను. పదమూడు మంది దండాల బొమ్మలు పెట్టారు. దాని కిందే వచ్చే ఏకాదశి ఎవరింట్లో అన్న సంగతి వచ్చింది. యాదమ్మ ఇప్పుడు నల్లగండ్లలో ఒక హాస్టల్ మెస్సులో అంట్లు తోముతోందని ఆ సెక్యూరిటీ మనిషే చెప్పాడు. నాలుగిళ్ళలో వచ్చిన దాంట్లో సగం కూడా రాదట. ఏకాదశి నాడు ఇప్పుడు నేను ఇంట్లోనే ఒక్కదాన్నే కూర్చుని చదువుకుంటున్నాను. దేవుడికి కోపం వచ్చిందని నేననుకోవడం లేదు. అంత సులువుగా తేలిపోయే సంగతైతే ఒక కొబ్బరికాయ కొట్టేదాన్ని. నన్ను క్షమించాల్సిన మనిషి నల్లగండ్లలో ఉంది. తనకు నా క్షమాపణ అక్కర్లేదు, గేటు తెరుచుకుంటే చాలు. అది నాకు చేతకావడం లేదు. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాను.

ఈ దారిన వెళ్ళాల్సి వచ్చే వాళ్ళకు ఒక్క సలహా. కార్డు పోయిందని తెలియగానే ఆపించండి, అది అందరూ చెప్పేదే. ఆ తర్వాత, ఎవరు తీసి ఉంటారని ఎవరడిగినా నోరు తెరవకండి. మెసేజీ మీ ఫోనుకు చేరిన టైము వేరు, కార్డు వాడిన టైము వేరు. బ్యాంకుకు వెళ్ళి, మొదటిసారి ఎన్నింటికి, ఏ ప్రాంతంలో వాడారో కాగితం మీద ప్రింటు తీయించుకోండి. నాకు ఆ ప్రింటుకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పేరు చెప్పడానికి అంతకన్నా తక్కువ పట్టింది.